ఉమ్మడి గోడలో పగులు

ఇల్లు అమ్ముదామని అనుకున్న రోజు నుంచి మా ఇంట్లో ఎవరికీ కుదురుగా కూర్చోబుద్ధి కాలేదు. అన్నం తింటూ తింటూ లేచి దొడ్లోకి వెళ్లేదాన్ని. వెళ్లాక, ఎందుకు వచ్చానో గుర్తుకు రాక అక్కడే నిలబడిపోయేదాన్ని. మా అత్త పొద్దున సర్దిన లోపలి అర్రనే మధ్యాహ్నం మళ్లీ సర్దేది. ఇల్లు ఇంకా మాదే. కానీ అందులో మేం అప్పుడే చుట్టాల్లాగా తిరుగుతున్నాం.

అరవైల మొదట్లో సంగతి ఇది. కరీంనగర్‌కు పడమటి దిక్కున ఉన్న ఒక చేనేత ఊళ్లో మా ఇల్లు. మా వాడంతా నేతవాళ్లే. మగ్గం మీద ఇల్లు గడవడం కష్టమై మా ఆయన కాగజ్‌నగర్ పోయి కాగితం మిల్లులో కుదిరాడు. చాలాకాలం అక్కడ ఒక్కడే ఉండి, వండుకుంటే తిని లేకపోతే పస్తుండి, పండుగలకు మాత్రం వచ్చి పోయేవాడు. ఆ ఎండాకాలం పని పర్మినెంటు అయిందని వచ్చి, చెప్పులు విడవకముందే అన్నాడు:

"ఇగ అందరం పోదాం. ఇల్లు అమ్మేద్దాం."

మా మామ పోయి అప్పటికి చాలా ఏళ్లయింది. ఆ ఇల్లు ఆయనా అత్తా కలిసి కట్టుకున్నది. మట్టి తొక్కింది ఆమె, గోడలు పెట్టింది ఆయన. అత్త సాయంత్రం దాకా ఆలోచించి, బియ్యం ఏరుతూ చెప్పింది.

"అమ్ముదాం. కని ముందుగాల సుతారిని పిలిచి ఇల్లంత చూపియ్యాలె."

సుతారి అంటే మా దిక్కు గోడలు కట్టే మేస్త్రీ.

"ఎందుకవ్వా? కొనేటోడే చూసుకుంటడు గద" అన్నాడు మా ఆయన.

"ఎద్దును అంగడికి తోలుకపోయేముందు మనమే దాని నోరు తెరిచి పండ్లు చూసుకుంటం. కొనేటోడు చూసి, గిది కుంటిదిరా అంటే నలుగుర్ల తలకాయ ఏడ పెట్టుకుంటవు?"

పైకి అలా అంది కానీ ఆమె మనసులో వేరే ఉంది. సుతారి వచ్చి ఇల్లంతా తిరిగి, ఇటువంటి గోడలు ఈ వాడలో మరో ఇంటికి లేవని అంటాడని ఆమె నమ్మకం. ఆ మాట వినాలని ఆమెకు ఆశ. నాకది అప్పుడే తెలిసింది, ఎందుకంటే సుతారి వచ్చే రోజు తెల్లవారకముందే లేచి ఇల్లంతా అలికి, గడపలకు ఎర్రటి జాజుమన్ను పూసి కూర్చుంది.

సుతారి మాటకారి. వచ్చీ రాగానే చాయ్ అడిగాడు. ఎక్కడెక్కడ ఏ ఇళ్లు కట్టాడో చెప్తూనే తాగాడు. తర్వాత చేతికర్ర పుచ్చుకుని, ఒక్కొక్క గోడ మీదా కొడుతూ, చెవి ఆనించి వింటూ నడవడం మొదలుపెట్టాడు. ఆయన వెనక మా ఆయన, ఆయన వెనక అత్త, అందరికన్నా వెనక నేను. ఇంట్లో మా మామ నేసిన గుంట మగ్గం ఇంకా ఉంది. నేలలో తవ్విన ఆ గుంటలోకి కాళ్లు వేసుకుని కూర్చుని నేయడమన్నమాట. సుతారి ఆ గుంటలోకి తొంగి చూశాడు. గూన పెంకులకేసి చూశాడు. వాసాలు తడిమాడు. బాగుందనలేదు, బాగా లేదనలేదు. ఊఁ ఊఁ అనుకుంటూ కుడి పక్క గోడ దగ్గరికి వెళ్లాడు.

అది ఉమ్మడి గోడ. దానికి అవతల మా బావ ఇల్లు. బావ అంటే మా మామకు అన్న కొడుకు. ఆయన మాలాగా ఊరు విడిచి పోకుండా, మగ్గాలు తీసేసి కరెంటుతో నడిచే మగ్గాలు పెట్టాడు. వాటిని సాంచెలు అంటాం. పొద్దున మొదలైతే దీపాలు పెట్టేదాకా ధడధడమంటూ కొట్టుకుంటూనే ఉంటాయి.

ఆ గోడకు ఆనించిన చెక్క అల్మారాను పక్కకు జరపమన్నాడు సుతారి. జరిపాం. వెనకాల నేల నుంచి దూలం దాకా పగులు, మెలికలు తిరుగుతూ పైకి పాకి ఉంది. దారానికి కట్టిన ఇనుప గుండు పైనుంచి వదిలాడు. కింద గుండుకూ గోడకూ మధ్య నా పిడికిలి పట్టేంత సందు.

"దూలం కొస గోడల నుంచి జారింది. గిట్లనే ఉంటే వానకాలం దాటది" అన్నాడు.

"మా గోడకు గట్లెందుకైతది?" అంది అత్త.

సుతారి గోడ మీద అరచెయ్యి పెట్టి, మా ఆయన చెయ్యి కూడా పట్టి పెట్టించాడు. అవతల సాంచెలు ఆడుతున్నాయి. గోడ సన్నగా వణుకుతోంది.

"ఇంకేం కావాలె? అండ్లనే ఉన్నది జవాబు."

మా ఆయన సుతారిని పంపించి, అటునుంచి అటే నడిచి బావ వాళ్లింట్లోకి వెళ్లాడు. వాళ్లు ఏం మాట్లాడుకున్నారో సాంచెల మోతలో మాకు సగమే వినబడింది. ఆ సగమే చాలు.

"నా మిషన్లు నా ఇంట్ల ఆడుతున్నయి. నీ గోడ జోలికి రాలే!"

"నీ ఒక్కనిదా గోడ? నీ బతుకు కోసం మా ఇల్లు కూలాల్నా?"

"నువ్వు ఊరిడిసి పోతున్నవు. నీకెందుకు గోడ!"

మా ఆయన తిరిగొచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. చెవులు ఎర్రబడి ఉన్నాయి. చిన్నప్పుడు ఇద్దరూ ఒక్క కంచంలో తిన్నవాళ్లు. ఆ మధ్యాహ్నం నుంచి బావ భార్య నాతో మాట్లాడడం మానేసింది. ఆమెను నేను అక్కా అని పిలిచేదాన్ని. దొడ్డి గోడ మీంచి కూర గిన్నెలు అటూ ఇటూ మారని రోజు ఉండేది కాదు. ఇప్పుడు నన్ను చూస్తే కొంగు సర్దుకుని లోపలికి వెళ్లిపోయేది.

మా ఆయన దూలం కింద ఒక లావు గుంజ నిలబెట్టి, సెలవు అయిపోయి కాగజ్‌నగర్ వెళ్లిపోయాడు. మిగిలింది మేమిద్దరం ఆడవాళ్లం, ఇంటి నడుమ ఆ గుంజ. దాన్ని చుట్టుకుని తిరగడం అలవాటు కాక రోజుకొకసారైనా భుజం తగిలించుకునేదాన్ని. అర్రలో పడుకోవడం మానేసి మంచాలు సాయవానులోకి, అంటే ముందు పంచలోకి, తెచ్చుకున్నాం. పైన ఎలుక పరిగెత్తినా ఇద్దరం ఒక్కసారే లేచి కూర్చునేవాళ్లం. లేచాక ఒకరి ముఖం ఒకరం చూసుకుని, ఏమీ లేనట్టు మళ్లీ పడుకునేవాళ్లం.

పగులు పెరుగుతోందా, ఉన్నంతే ఉందా అన్నది తెలియక నాకు పిచ్చెక్కినట్టుండేది. వేలు పెట్టి చూసేదాన్ని. కళ్లు మూసుకుని తెరిచి చూసేదాన్ని. నిన్నటి కంటే వెడల్పుగా ఉన్నట్టే ఉండేది. ఒక రోజు పాత పంచాంగంలోంచి ఒక పుట చింపి, సన్నటి ముక్కలు చేసి, నూలుకు పెట్టే గంజితో పగులుకు అడ్డంగా అతికించాను. గోడ కదిలితే కాగితం చినగాలి కదా. రెండు రోజులకు కింది ముక్క చినిగింది. దాని పక్కనే ఇంకొకటి అతికించాను. అదీ చినిగింది. చినిగినప్పుడల్లా అవతలి సాంచెల చప్పుడు నా ఎముకల్లో మోగేది. బావను మనసులో ఎన్ని తిట్లు తిట్టానో.

ఇంతలో గాలిదుమారం వచ్చింది. వాన చుక్క లేదు, ఉత్త గాలి. ఊరి బయట కరెంటు స్తంభాలు పడిపోయాయి. కరెంటు లేదు, సాంచెలు లేవు. వారం పైనే వాడంతా నిశ్శబ్దం. కనీసం ఈ కొన్ని రోజులైనా గోడకు విశ్రాంతి అనుకున్నాను. కొత్త కాగితం అతికించి, పొద్దునా సాయంత్రం చూస్తూ వచ్చాను.

కాగితం చినిగింది.

నేను నమ్మలేక ఇంకొకటి అతికించాను. అది కూడా చినిగింది. అదీ కింద ముక్కే, నేలకు దగ్గరగా ఉన్నది. పై ముక్కలు ఎట్లున్నవి అట్లే ఉన్నాయి.

అత్తకు చెప్పాను.

"సాంచెలు బందున్నయి గదత్తా. మరి గోడ ఎందుకు కదులుతున్నది?"

"నీ గంజి మంచిగ లేదు" అంది విసుగ్గా.

"నేత ఇంట్ల పుట్టిన. గంజి కలుపుడు నాకు రాదా?"

అత్త నా వైపు చూసింది. మోకాళ్ల మీద వంగి ఆ కాగితాన్ని వేలితో తడిమింది. తర్వాత గోడ మొదట్లో చెయ్యి పెట్టి, చాలాసేపు తీయలేదు.

"సుతారిని మళ్ల పిలువు" అంది.

ఈసారి సుతారి చాయ్ అడగలేదు. తను చెప్పింది తప్పని ఎవరైనా అంటారేమోనని ముందే ముఖం ముడుచుకుని వచ్చాడు. గడ్డపారతో గోడ మొదట తవ్వాడు. పొడి మట్టి రావలసిన చోట పిసికిన పిండి లాంటి మట్టి వచ్చింది. ఇంకా తవ్వితే నీళ్లు ఊరాయి. తడి ఎటు నుంచి వస్తోందో చూసుకుంటూ తవ్వుకుపోతే, అది సరిగ్గా మా జాలారు దగ్గర తేలింది. జాలారంటే ఇంట్లో స్నానాలూ, అంట్లూ, బట్టలూ అన్నీ కానిచ్చే చోటు. దాని బండల మధ్య సందు విడిపోయి, నీళ్లు బయటి మోరీలోకి పోకుండా ఏళ్ల తరబడి గోడ కిందికే పోతున్నాయి.

జాలారు మొదట దొడ్లో ఉండేది. మామ పోయాక, మోకాళ్లు నొస్తున్నాయని, దాన్ని లోపలికి, ఆ గోడ మూలకు మార్పించింది అత్తే.

సుతారి గొంతు సవరించుకున్నాడు. "సాంచెల అదురు సుత కొంత ఉంటది..." అన్నాడు.

"ఊకో" అంది అత్త.

సుతారి తవ్విన గుంటలోంచి ఆమె గుప్పెడు మట్టి తీసి చూసింది. దాన్ని అలాగే చేతిలో పట్టుకుని లేచి, కొంగు సర్దుకోకుండా, ఎవరికీ చెప్పకుండా బయటికి నడిచింది. నేను వెనక పరిగెత్తాను. అప్పటికి కరెంటు వచ్చి రెండు రోజులు అవుతోంది. బావ ఇంట్లో సాంచెలన్నీ ఆడుతున్నాయి. అత్త వాటి మధ్యలోకి వెళ్లి నిలబడింది. బావ ఆమెను చూసి కొట్లాటకే వచ్చిందనుకున్నాడు. ఆమె పెదాలు ఆడుతున్నాయి గానీ మోతలో ఏమీ వినబడడం లేదు. గొంతు పెంచింది. వినబడలేదు. ఇంకా పెంచింది. బావ విసుక్కుంటూ వెళ్లి మెయిన్ బంద్ చేశాడు. సాంచెలు ఒకటి వెనక ఒకటి ఆగాయి. సరిగ్గా అప్పుడే అత్త ఉన్న బలమంతా పెట్టి అరిచింది:

"తప్పు మాదే బిడ్డా! నీది కాదు!"

వాడంతా విన్నది. పని చేస్తున్నవాళ్లు ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. ఎదురింటి గుమ్మంలోకి మనుషులు వచ్చారు. అత్త ముఖం కందిపోయింది. తన జన్మలో ఎవరి ముందూ తల వంచని మనిషి. ఆమెను వెనక్కి తీసుకుపోదామని నేను చెయ్యి పట్టుకున్నాను. ఆమె విడిపించుకుని, ఈసారి మామూలు గొంతుతో చెప్పింది.

"మా జాలారి నీళ్లు గోడ కిందికి పోయినయి. మీ సాంచెలు ఏం చెయ్యలే. నా కొడుకు నిన్ను అనరాని మాటలు అన్నడు."

బావ నూలు కట్టల మీద కూర్చున్నాడు. రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు.

"నాకు సుత గదే భయమున్నది చిన్నమ్మా. నా మిషన్లే గోడను తింటున్నయేమోనని. చూడు, కాళ్ల కింద గోనెసంచులు మడతపెట్టి ఏసిన. ఎవ్వలకు చెప్పలే. తమ్ముడు వచ్చి అడిగితే లేదని కొట్లాడిన గని, గా రోజు సంది కూడు సయిస్తలేదు."

నేను వంగి చూశాను. నిజమే. ఒక్కొక్క సాంచె కాలు కింద గోనెసంచి. ఇన్ని రోజులూ గోడకు ఇవతల మేం, అవతల ఆయన, ఒకే భయంతో ఉన్నాం.

అక్క చెంబుతో నీళ్లు తెచ్చి అత్త చేతుల మీద పోయబోయి, ఆగింది.

"జర గోడకు దూరం జరిగి కడుక్కో చిన్నత్తా" అంది.

ముందు నవ్వింది అత్తే. నాకు మాత్రం నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

సంగతి తెలిసి కాగజ్‌నగర్ నుంచి వచ్చిన మా ఆయన నవ్వలేదు. "గందుకే చూపియ్యద్దన్న. తెలువకుంటే ఏ లొల్లీ లేకపోవు" అని తల్లి మీద ఎగిరాడు. కానీ మర్నాడు తనే బావ గుమ్మం ముందు నిలబడి, "అన్నా, దూలం లేపాలె, ఓ చెయ్యి వెయ్యి" అన్నాడు. క్షమించమనీ అనలేదు, పర్వాలేదనీ అనిపించుకోలేదు. అవతల నుంచి బావ, ఇవతల నుంచి ఈయన దూలానికి గుంజలు పెట్టి లేపితే, సుతారి తడి మట్టంతా తోడేసి రాళ్లతో, డంగు సున్నంతో పునాది కట్టాడు. జాలారు మళ్లీ దొడ్లోకి పోయింది. ఇల్లంతా సున్నం వేయించాం. పగులు ఎక్కడుండేదో తెలిసిన నాకే వెతికితే గానీ కనబడేది కాదు.

అదే మళ్లీ గొడవకు కారణమైంది. "అయిపోయింది గద, ఇగ దాని మాట ఎత్తకుండ్రి" అన్నాడు మా ఆయన. ఇల్లు చూడ్డానికి మొదట వచ్చింది క్రైస్తవ మాస్టారు ఒకాయన, ఆయన భార్య. మిషను బళ్లో పాఠాలు చెప్తాడు. మెత్తని మనిషి. అర్రలన్నీ చూసి, ముచ్చటపడి, మా ఆయనతో మాట్లాడుతుండగా అత్త మధ్యలో దూరింది.

"సారూ, గీ గోడకు కిందినుంచి తడి ఎక్కి పగిలింది. బాగు చేయించినం. కావాల్నంటే మీ మనిషిని తెచ్చి తవ్వించి చూసుకోండ్రి."

మా ఆయన ముఖం చూడలేక నేను నేలకేసి చూశాను. ఇక వీళ్లు లేచి వెళ్లిపోతారనుకున్నాను. మాస్టారు గోడను ఒకసారి చూసి, "మట్టి గోడలకు మామూలేనమ్మా. బాగు చేయించినరు గద" అన్నాడు. గోడ సంగతి అంతటితో అయిపోయింది. కానీ ఆయన భార్య అప్పటిదాకా ఏమీ మాట్లాడకుండా నుదురు పట్టుకుని నిలబడి ఉంది.

"ఈ చప్పుడు ఎప్పుడు బందయితది?" అని నన్ను అడిగింది.

"ఏ చప్పుడు?" అన్నాను.

నిజంగానే నాకు తెలియలేదు. ఆమె నా వైపు వింతగా చూసింది. అప్పుడు విన్నాను, అవతల సాంచెలు. మేం ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఇన్నాళ్లూ పగులు కోసం నిద్ర మానుకున్నాం. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లకు మొదట తగిలేది ఏమిటో మా ఎవరికీ తట్టలేదు.

మాస్టారు వాళ్లు మళ్లీ రాలేదు. తర్వాత వచ్చినవాళ్లూ అంతే. గోడలు బాగున్నాయనేవాళ్లు, దూలం టేకుదని మెచ్చుకునేవాళ్లు, చెవులు మూసుకుని వెళ్లిపోయేవాళ్లు. మా ఆయన సెలవు పొడిగించుకుని వాకిట్లో అటూ ఇటూ తిరిగేవాడు. మూటలు సగం కట్టి సగం విప్పి ఉండేవి. వంట గిన్నె కావలసినప్పుడల్లా ఏదో మూట విప్పవలసి వచ్చేది. కట్టాలా, విప్పాలా అన్నది తెలియకుండా బతకడం ఎంత కష్టమో నాకు ఆ రోజుల్లో తెలిసింది.

ఒక సాయంత్రం బావ వచ్చి గడప బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"నాకిస్తరా ఇల్లు?" అన్నాడు. "ఎప్పుడో అడుగుదామనుకున్న. కని గోడ వీడే పలగొట్టి అగ్గువకు కొట్టేస్తుండని అంటరని నోరు తెరువలే."

ఆ చప్పుడుకు భయపడనివాడు వాడలో బావ ఒక్కడే. అది మాకందరికీ తెలుసు. అయినా మా ఆయనకు మింగుడుపడలేదు. తన తండ్రి మగ్గం ఉన్న చోట ఇక సాంచెలు ఆడుతాయి. ఆ రాత్రి అన్నం దగ్గర కూర్చుని లేచిపోయాడు. వాడ చివరిదాకా వెళ్లి వచ్చాడు, మళ్లీ వెళ్లాడు. మర్నాడు పొద్దున ముఖం కడుక్కోకముందే పోయి సరేనని చెప్పి వచ్చాడు. ఒక్క మాట మాత్రం అడిగాడట. "మగ్గం గుంత నేనే పూడుస్త. కూలోళ్లను పెట్టకు."

మగ్గం కొయ్యలన్నీ విప్పి పక్కన పెట్టాక, గుంట గట్టు మీద కూర్చుని, కాళ్లు లోపలికి వేశాడు. ఎంతసేపు కూర్చున్నాడో. అత్త చూడలేక దొడ్లోకి వెళ్లిపోయింది. తర్వాత లేచి, చెరువు గట్టున తవ్వించిన మట్టి గంపలతో మోసుకొచ్చి పోయడం మొదలుపెట్టాడు. కాసేపటికి బావ వచ్చి రెండో గంప ఎత్తుకున్నాడు. ఒకరు పోస్తుంటే ఒకరు తొక్కారు. గుంట నిండాక అత్త వచ్చి చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, ఆ మెత్తటి మట్టి మీదికి దిగి, ఆ మూల నుంచి ఈ మూలకు తానూ తొక్కింది.

మేం బయలుదేరిన రోజు అక్క జొన్నరొట్టెలు మూటకట్టి ఇచ్చింది. బస్సులో పెద్దపల్లి దాకా, అక్కణ్నుంచి రైలు. మంచిర్యాల దాటాక అత్త కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. మా ఆయన ఆసిఫాబాద్ దిక్కు అడవుల గురించి ఏదో చెప్తూ వచ్చాడు. నాకు నిద్రా రాలేదు, మాటలూ ఎక్కలేదు.

కాగజ్‌నగర్‌లో మాకిచ్చిన క్వార్టరు గట్టిదే, ఇటుక గోడలు. పక్కింటామెది మరాఠీ. మొదటి రోజు కుండలో నీళ్లు తెచ్చిపెట్టి, నాకు తెలియని మాటల్లో ఏదో అడిగింది. నేను తెలుగులో ఏదో చెప్పాను. ఇద్దరం తలలూపాం. చాలాకాలం దాకా ఆ ఇంట్లో ఏ వస్తువు ఎక్కడ పెట్టాలో తేల్చుకోలేకపోయాను. బియ్యం కుండను ఈ మూల నుంచి ఆ మూలకు మారుస్తూనే ఉండేదాన్ని. అత్త ఒకనాడు చూసి చూసి, ఆ కుండను నా చేతుల్లోంచి తీసుకుని పొయ్యి పక్కన పెట్టింది.

"ఇగ ఇది ఇక్కన్నే. కదిలియ్యకు" అంది.

కదిలించలేదు.